మినిట్స్ చదివి వినిపించండి: దక్షిణ తెలంగాణ కలెక్టర్లకు బహిరంగ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట, వికారాబాద్ జిల్లాల కలెక్టర్లకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాల అధికారులకు,

నమస్కారం.

మీ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీ, మందుల కంపెనీ, పవర్ ప్లాంటు, పెద్ద గని వంటిది రావాలంటే చాలావరకు ఒక పూట ఏదో ఊళ్లో షామియానా పడుతుంది. వేదిక మీద మీరో, అదనపు కలెక్టరో కూర్చుంటారు. పక్కన కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇంజినీరు, కింద కంపెనీ మనుషులు, వాళ్ల వెనక జనం, జనం వెనక పోలీసులు. దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ. ఆ ఒక్క పూట గురించి, ఆ సభలో ఎవరేమన్నారో రాసే మినిట్స్ గురించే ఈ లేఖ. పర్యావరణ అనుమతుల కాగితాలు చదివి ఊళ్లకు అర్థం చెప్పే పని చేసే వకీళ్లం, భూగర్భ జలాల మీద పనిచేసేవాళ్లం, టీచర్లం కలిసి రాస్తున్నాం.

శాంతి, మానవ హక్కులు, సుస్థిరాభివృద్ధి అని మూడు వేర్వేరు అధ్యాయాలుగా చదువుకుంటాం. మన దగ్గర ఆ మూడూ ఆ షామియానా కిందే కలుస్తాయి. ఊరి మనిషికి తన బాయి నీళ్లు ఏమవుతాయో ముందే తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కు దక్కితే ఆయన మైకు పట్టుకుని ప్రశ్న అడుగుతాడు. దక్కకపోతే రోడ్డెక్కుతాడు. ఆయన అడగలేకపోయిన ప్రశ్నే పదేళ్ల తర్వాత ఎండిపోయిన బోరుగానో, మురుగైన కుంటగానో మళ్లీ మీ ప్రజావాణి బల్ల మీదికొస్తుంది.

2024 నవంబర్ 11న వికారాబాద్ జిల్లా దుద్యాల మండలం లగచర్లలో జరిగింది మీకందరికీ తెలుసు. ఫార్మా పరిశ్రమల కోసం భూములు తీసుకునే విషయంలో అభిప్రాయం వినడానికి వెళ్లిన కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. సభ ఏర్పాటు ఒకచోట, జనం మరొకచోట. తర్వాత అరెస్టులు, నెలల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం, ఆ నెలాఖరుకే భూసేకరణ నోటిఫికేషన్ ఉపసంహరణ. అధికారి మీద చేయి ఎత్తడాన్ని మేం ఏ కోశానా సమర్థించం. కానీ ఆ రోజు వచ్చేదాకా ఆ తండాల్లో ఎవరికి ఏ కాగితం, ఏ భాషలో, ఎన్నాళ్ల ముందు చేరిందన్న ప్రశ్న కూడా అంతే గట్టిగా అడగాలి. అది అడగకుండా బందోబస్తు పెంచుకుంటూ పోతే వచ్చే సభకు పోలీసు వ్యాన్లు రెట్టింపవుతాయి, అంతే.

ఈ గడ్డ మనుషులకు నెమ్మదిగా, చట్టం లోపలే మాట్లాడటం తెలియక కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని జలసాధన సమితి పిలుపునిస్తే నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. అంతమంది ఒక్క రాయి వేయలేదు, నామినేషన్లు వేశారు. ఆ ఏడాది ఇలాంటివే మరికొన్ని చోట్ల జరిగేసరికి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మంచినీళ్ల కోసం వెతుక్కున్న శాంతియుతమైన దారి మీద గేటు పడింది. నీళ్లు మాత్రం చాలా ఏళ్లకు గాని రాలేదు. అందుకే, మిగిలి ఉన్న దారుల్లో ఒకటైన ఈ ప్రజాభిప్రాయ సేకరణను తంతుగా మార్చవద్దని ఇంతగా అడుగుతున్నాం.

1992 రియో ప్రకటనలోని పదో సూత్రం సమాచారం తెలుసుకోవడం, నిర్ణయంలో పాలుపంచుకోవడం, న్యాయం పొందడం అనే మూడింటినీ పర్యావరణ రక్షణకు పునాదిగా చెప్పింది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాల్లో పదహారోది శాంతి, న్యాయం గురించి. అందులోనే అందరినీ కలుపుకుని నిర్ణయాలు చేయడం, ప్రజలకు సమాచారం అందించడం ఉన్నాయి. మన దేశంలో ఈ మాటలకు కాళ్లూ చేతులూ ఇచ్చింది 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్. దాని నాలుగో అనుబంధంలో ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరపాలో వరుసగా రాసి ఉంది. మేం కొత్తగా కోరేది తక్కువ. అందులో ఉన్నదే అక్షరాలా జరగాలంటున్నాం.

ముందు రోజుల లెక్క చూడండి. కంపెనీ ఇచ్చే పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదిక అందాక 7 రోజుల్లో పీసీబీ సభ్య కార్యదర్శి తేదీ, వేళ, చోటు ఖరారు చేయాలి. ప్రకటన ఇచ్చాక జనానికి కనీసం 30 రోజులుండాలి. సభ అయ్యాక 8 రోజుల్లో వివరాలు పంపాలి. మొత్తం 45. ఎక్కడా ఒక్క రోజు కూడా మిగలదు. ఈ తొందరలో తెగేది ఎప్పుడూ జనానికి ఇచ్చిన 30 రోజులే. ప్రకటన 30 రోజుల ముందే పేపర్లో వస్తుంది. నివేదిక పంచాయతీకి చేరేసరికి మాత్రం పది రోజులో, వారమో మిగులుతుంది. చేరాక అది కార్యదర్శి బీరువాలో ఉంటుంది. ఆ కార్యదర్శికి మరో పంచాయతీ కూడా ఇన్‌చార్జిగా ఉంటే బీరువా తాళం కూడా ఆయనతోనే పోతుంది. కాబట్టి 30 రోజులను పేపర్లో ప్రకటన వచ్చిన తేదీ నుంచి కాకుండా, చివరి పంచాయతీకి ఆ నివేదిక తెలుగు సారాంశం ముట్టిన తేదీ నుంచి లెక్కపెట్టండి. ఇది మీ చేతుల్లో ఉన్న పని. ముట్టినట్టు సర్పంచి, కార్యదర్శి సంతకాలు తేదీతో సహా మీ దగ్గరికొచ్చాకే చోటుకు, తేదీకి ఒప్పుకోండి.

ప్రకటన ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో రావాలని ఉంది. పత్రికలు చేరని చోట్ల డప్పు చాటింపు వేయించాలని, రేడియో, టీవీల్లో చెప్పించాలని కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. డప్పు మాట కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లోనే ఉందన్న సంగతి చాలామంది అధికారులకే తెలియదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల్లో ఇంటికి పేపరు ఎక్కడ వస్తుంది? అక్కడ చాటింపు తప్పనిసరి. లంబాడీ తండాల్లో గోర్‌బోలీలో చెప్పించాలి. రోజూ పొద్దున ఊరంతా తిరిగే చెత్త ట్రాక్టర్ మైకుంది, దాన్లో రికార్డు వేస్తే సరిపోతుంది. ఖర్చు దాదాపు ఉండదు.

తేదీ ఖరారు చేసేటప్పుడు వ్యవసాయ అధికారిని ఒక మాట అడగండి. నాట్ల వేళ, కోతల వేళ, పత్తి ఏరే కాలంలో పొద్దున 11 గంటలకు సభ పెడితే ఆడవాళ్లు రారు. ఒక పూట కూలి పోగొట్టుకుని ఎవరూ రాలేరు. వచ్చేది ఖాళీగా ఉన్నవాళ్లు, తీసుకొస్తే వచ్చినవాళ్లు. అంగడి రోజు, ఊరి జాతర రోజు కూడా వద్దు. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు ఊళ్లలో ఇంకో చిక్కుంది. భూమి పేరున్న మనిషి ముంబైలోనో, పుణెలోనో మేస్త్రి కింద పనిలో ఉంటాడు. దసరాకో, పీర్ల పండుగకో, ఉగాదికో గాని ఇంటికి రాడు. అలాంటివారు రాతపూర్వకంగా అభిప్రాయం పంపుకోవచ్చు, దానికి చట్టంలో వీలుంది. కానీ ఏ చిరునామాకు పంపాలో, ఎప్పటిలోగా పంపాలో చాటింపులో చెప్పాలి కదా. వాట్సాప్‌లో ఫొటో పంపినా తీసుకుంటామని రాస్తే వలస వెళ్లినవాళ్ల గొంతు కూడా రికార్డులోకి వస్తుంది. సభకు వచ్చినవాళ్లకు కోరం నిబంధన లేదు కాబట్టి ఇరవై మంది వచ్చినా సభ జరిగినట్టే. అందుకే రానివాళ్ల సంగతి మీరే తలచుకోవాలి.

ఇక చోటు. ప్రాజెక్టు స్థలంలో గాని, దానికి దగ్గర్లో గాని, జిల్లాకు ఒకటిగా జరపాలన్నది నియమం. కంపెనీ కొన్న భూమిలో, కంపెనీ గేటు లోపల షామియానా వేస్తే నియమం తప్పినట్టు కాదు. అయినా ఆ గేటు దాటి లోపలికెళ్లి కంపెనీని ప్రశ్నించడానికి కూలి మనిషికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఫలానా బడి మైదానమే కావాలని గ్రామసభ అడిగితే, అది దగ్గర్లోనే ఉంటే, దాన్నే ఖాయం చేయండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే సారాంశానికి వద్దాం. ముసాయిదా నివేదిక వందల పేజీల ఇంగ్లిషులో ఉంటుంది. ఊరివాళ్ల చేతికి వచ్చేది తెలుగులో పదో ఇరవయ్యో పేజీల సారాంశం. ఒక్కొక్కసారి అది యంత్రంతో తర్జుమా చేసినట్టు ఉంటుంది, తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లిషే. ‘నీటి అవసరం 500 కేఎల్‌డీ’ అని ఉంటే ఎవరికి బోధపడుతుంది? ఒక కేఎల్‌డీ అంటే రోజుకు 1,000 లీటర్లు. 500 కేఎల్‌డీ అంటే రోజుకు 5 లక్షల లీటర్లు. మిషన్ భగీరథలో పల్లెకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే 5,000 మంది వాడుకునే నీళ్లు. ఇలా రాస్తే ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది, తెలిశాక అడగాల్సింది అడుగుతారు: ఆ నీళ్లు కాలువవా, చెరువువా, బోర్లవా? ఎండాకాలం కాలువ బంద్ అయినప్పుడు ఎక్కడివి?

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, నారాయణపురం వైపు ఈ ప్రశ్నకు ప్రాణం ఉంది. అక్కడి గ్రానైటు రాతిలోంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. రాతి సందుల్లో నీళ్లు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. ఎవరైనా పెద్దఎత్తున తోడితే పైపొరల నీళ్లు దిగిపోతాయి. చుట్టుపక్కల రైతులు బోర్లు ఇంకా లోతుకు దించుతారు. పాత నీళ్లు, గట్టి నీళ్లు పైకొస్తాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. నివేదికలో ఫ్లోరైడ్ అంకె ఎంతో చూసే ముందు, నమూనా ఎక్కడ తీశారో చూడాలి. భగీరథ నల్లా నీళ్లు పట్టుకెళ్తే అంకె చిన్నదే వస్తుంది, అది నది నీళ్ల అంకె. పశువులు తాగేది, కూరగాయలు పండేది, నల్లా రాని రోజు మనిషి తాగేది బోరు నీళ్లు. ఆ బోరు ఏ సర్వే నంబరులో ఉంది, ఎంత లోతు, ఏ నెలలో తీశారు అన్నవి సారాంశంలోనే ఉండాలని మీరు పట్టుబట్టవచ్చు. తాగునీటి సంగతి కొంత మెరుగుపడింది గదా అని భూగర్భజలాన్ని గాలికి వదిలేస్తే ఇంత కష్టపడి తెచ్చుకున్న మెరుగుదల చేజారుతుంది.

కాలం కూడా ముఖ్యమే. వానాకాలం తప్పించి ఒక సీజన్ వివరాలు, అంటే మూడు నెలలవి చాలునని ఆనవాయితీ. కానీ బాయిల్లో నీటిమట్టం వానలకు ముందొకటి, తర్వాత ఒకటి. గాలి కూడా అంతే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమర, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఫ్యాక్టరీకి తూర్పున, ఈశాన్యాన ఉన్న ఊళ్ల మీద దుమ్ము పడుతుంది. ఎండాకాలం కొలతల్లో అది కనపడదు. 24 గంటల సగటున గాలిలో పీఎం10 అనే సన్నని దుమ్ము ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది జాతీయ ప్రమాణం. ఇప్పటికే ఉన్న దుమ్మెంత, ఫ్యాక్టరీ కలిపేదెంత, రెండూ కలిస్తే ఎంత అన్నది ప్రతి ఊరి పేరు ఎదురుగా ఒక పట్టీలో ఇవ్వమనండి. ఊరి పేరు ఉంటేనే ఊరివాళ్లు చదువుతారు.

మందుల కంపెనీలు, ఇథనాల్ ఫ్యాక్టరీల విషయంలో ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ అనే మాట దగ్గర జనం ఆగిపోతారు, అధికారులు కూడా ఆగిపోతారు. మురుగు చుక్క బయటికి రాదని దాని అర్థం. జరిగేది ఏమిటంటే, మురుగును వడకట్టి, ఆర్ఓలో పెట్టి, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను ఆవిరి యంత్రంలో మరిగించి ఉప్పుగా ఎండబెడతారు. ఇందులో బలహీనమైన లంకె ఆ ఆవిరి యంత్రమే. దాన్ని నడపడానికి బొగ్గు, కరెంటు బాగా ఖర్చవుతాయి, గొట్టాల్లో ఉప్పు పేరుకుని తరచూ ఆగుతుంది. ఆగిన రోజు కూడా ఫ్యాక్టరీలో ఉత్పత్తి నడుస్తుంటే నీళ్లు ఎక్కడికో పోవాలి. రాత్రిపూట ట్యాంకర్లు, పాడుబడిన బోర్లు, వాన పడినప్పుడు వాగు అనే అనుమానాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. కాబట్టి సభలో కంపెనీని అడగాల్సినవి ఇవి. రెండో ఆవిరి యంత్రం ఉందా? అది ఆగితే ఎన్ని రోజుల మురుగు నిల్వ ఉంచే తొట్లున్నాయి? తొట్లు నిండితే ఉత్పత్తి ఆపుతామని రాసిస్తారా? ఎండిన ఉప్పు నెలకు ఎన్ని టన్నులు, ఏ లారీలో, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే వెళ్తుందా? వీటికి జవాబు లేకుండా జీరో అనే మాటను మినిట్స్‌లో ఎక్కించవద్దు.

సభ రోజున ఒక విషయం మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. తెల్లవారుజామున ఇళ్ల దగ్గర నుంచి మనుషులను తీసుకెళ్లి సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టడం. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 170వ సెక్షన్ నేరం జరగబోతోందని పోలీసులకు తెలిసినప్పుడు, ఆపడానికి మరో దారి లేనప్పుడు వాడాల్సింది. ప్రశ్న అడుగుతాడని తెలిస్తే వాడేది కాదు. నివేదికను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివినవాళ్లు మండలంలో పదిమంది ఉంటే, ఆ పదిమందీ ఆ రోజు స్టేషన్లో ఉంటే, సభలో మిగిలేది కోపం ఒక్కటే. సమాచారం ఉన్నవాళ్లు స్టేషన్ లోపల, ఆవేశం ఉన్నవాళ్లు బయట. మీరు ఆ సభకు అధ్యక్షులు మాత్రమే కాదు, జిల్లా మేజిస్ట్రేట్లు కూడా. ముందురోజు ఎస్పీ గారితో కూర్చుని, అభిప్రాయం చెప్పడానికి వచ్చే ఏ మనిషినీ ఆపవద్దని రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. బ్యారికేడ్లు వేదిక ముందు పెట్టండి, ఊరి దారిలో వద్దు.

మాట్లాడే వరుస కూడా గొడవకు కారణమవుతుంది. మొదట కంపెనీ గంటసేపు స్లైడ్లు చూపిస్తుంది, తర్వాత నాయకులు, తర్వాత ఇంకొందరు నాయకులు. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. కంపెనీ వివరణకు 20 నిమిషాలు చాలు, అదీ తెలుగులో. ఆ తర్వాత టోకెన్లు ఇచ్చి, అతి దగ్గర ఊళ్లవాళ్లను, అందులో ఆడవాళ్లను ముందు పిలవండి. అక్కడున్న ప్రతి మనిషికీ అడిగే అవకాశం ఇవ్వాలన్నది నియమం, నాయకుడికి రెండుసార్లు ఇవ్వాలని లేదు. ప్రతి ప్రశ్నకూ కంపెనీ అప్పటికప్పుడే జవాబు చెప్పాలి. ‘పరిశీలిస్తాం’ అంటే ఎప్పటిలోగా, ఎవరు అన్నది కూడా రాయించండి. వీడియో రికార్డింగ్ తప్పనిసరి. కెమెరా వేదిక మీదే ఉండిపోకుండా మాట్లాడే మనిషి ముఖం, గొంతు స్పష్టంగా పడేటట్టు రెండోది పెట్టించండి.

ఈ లేఖకు పెట్టిన శీర్షికకు వస్తున్నాం. సభ చివర, జరిగిన దాని సారాంశాన్ని అక్కడున్నవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి, అర్థం చెప్పాలి, ఒప్పుకున్న మినిట్స్ మీద కలెక్టర్ గాని, ఆయన ప్రతినిధి గాని అదే రోజు సంతకం చేయాలి. ఇది 2006 నుంచి ఉన్న నియమం. చాలాచోట్ల జరిగేది వేరు. చీకటి పడుతోందని, జనం అరుస్తున్నారని కార్లు కదులుతాయి. మినిట్స్ తర్వాత ఆఫీసులో తయారవుతాయి. ‘స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వాలని, బడికి గదులు కట్టించాలని ప్రజలు కోరారు’ అన్న వాక్యం వాటిలో వస్తుంది. ‘మా బోరుకు 300 మీటర్ల దూరంలో మీ బూడిద చెరువు వస్తోంది, లైనింగ్ ఏమిటి?’ అన్న ప్రశ్న రాదు. నెలల తర్వాత ఢిల్లీలోనో, హైదరాబాద్‌లోనో కూర్చునే నిపుణుల కమిటీకి కనిపించేది ఆ కాగితమే. ఊరు ఏమన్నదో వాళ్లకు తెలిసే దారి ఇంకోటి దాదాపు లేదు.

పరిష్కారం సులువు. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, తెలుగు టైపింగ్ బాగా వచ్చిన ఒక ఉద్యోగి. మనిషి మాట్లాడుతుండగానే ఊరి పేరు, అడిగింది, కంపెనీ జవాబు అని మూడు గడుల్లో టైపు చేస్తే తెర మీద అందరికీ కనిపిస్తుంది. తప్పు పడితే అక్కడే సరిచేస్తారు. చివర అరగంట కేటాయించి పైనుంచి కిందికి చదివి వినిపించండి. తన మాట తెర మీద అక్షరాలుగా మారడం చూసిన మనిషి కుర్చీ విసరడు. ప్రింటు తీసి, సంతకం చేసి, ఆ రాత్రే ఒక కాపీ పంచాయతీ బోర్డుకు అంటించండి. ఆ సంతకం మీద ఊరికి నమ్మకం ఏర్పడితే తర్వాతి గొడవల్లో సగం తగ్గుతాయి.

కాగితం పని సరిగా చేయకపోతే ఎంత నష్టమో దామరచర్ల మండలం వీర్లపాలెంలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రమే చూపించింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపి, అదనపు అధ్యయనాలు చేయమంది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సి వచ్చింది. అప్పటికే కట్టుబడి చాలా దూరం వచ్చింది. అధ్యయనం ముందే పూర్తిగా జరిగి ఉంటే ఊళ్లకూ ఆ ఆందోళన తప్పేది, ప్రభుత్వానికీ ఆ కాలం మిగిలేది.

అసలు సభే లేని ప్రాజెక్టులు మరో సమస్య. పెట్రోలులో కలపడానికే ధాన్యం నుంచి ఇథనాల్ తీసే, మురుగు బయటికి వదలమని చెప్పే ఫ్యాక్టరీలను కేంద్రం 2021లో బీ2 వర్గంలోకి మార్చింది. బీ2కు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఊరికి సంగతి తెలిసేది ప్రహరీ గోడ లేచినప్పుడే. మరికల్ మండలం చిత్తనూరులో, రాజోలి మండలం పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద నిరసనలు ఘర్షణల దాకా ఎందుకు వెళ్లాయో ఈ వెలుగులో చూడండి. సభ పెట్టాలని చట్టం చెప్పకపోవచ్చు, పెట్టవద్దనైతే చెప్పలేదు. పీసీబీ సీఎఫ్ఈ (ఫ్యాక్టరీ కట్టుకోవడానికి సమ్మతి) ఇచ్చే ముందు గ్రామసభ పిలిపించి, నీటి లెక్క, ఆవిరి యంత్రం లెక్క చెప్పించడానికి మీకెవరూ అడ్డురారు.

ఇంకో గందరగోళం భూమిది. పర్యావరణ సభ వేరు, భూసేకరణ మీద అభ్యంతరాలు వినడం వేరు. రెండింటినీ ఒకే షామియానా కింద, ఒకే రోజు కలిపేస్తే రైతు భూమి గురించి అడిగిన ప్రతిసారీ ‘ఇది ఆ సభ కాదు’ అన్న జవాబు వస్తుంది, ఓపిక అక్కడే తెగుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం తొలి నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగుస్తాయో ఒక్కో పట్టాదారుకు తేదీలతో కాగితం ఇవ్వండి. తండాల్లో చాలామందివి లావుణి పట్టాలు, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు. అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు 2004లోనే చెప్పింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతికిన కౌలుదారు, కూలీ కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. ఈ మాటలు అధికారి నోటి నుంచి ముందే వస్తే, దళారి నోటి నుంచి వచ్చే పుకారుకు చోటుండదు.

అనుమతి వచ్చాక సంగతి కొంచెమే చెబుతాం. అనుమతి కాపీని పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ 30 రోజులు బోర్డు మీద ఉంచాలి. హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు గడువు 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60. బోర్డు మీద కాగితం ఆలస్యమైతే ఆ గడువు కరిగిపోతుంది. షరతులు ఎంతవరకు పాటించారో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. ఆ రెండు తేదీల తర్వాత వచ్చే గ్రామసభలో దాన్ని చదివించమని ఎంపీడీఓలకు ఒక్క మెమో ఇస్తే సరిపోతుంది. సమాచార హక్కు కింద అడిగితే పల్లె స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. అయినా ఊరు అడిగి తెచ్చుకునే దాకా ఎందుకు?

మీ జిల్లాలో వచ్చే సభ ఏ తేదీన ఉన్నా, సారాంశం కాపీ 30 రోజుల ముందు మాకూ ఒకటి ఇప్పించండి. కేఎల్‌డీలను బిందెల్లోకి, మైక్రోగ్రాములను ఊళ్ల పేర్లలోకి మార్చి, రెండు పేజీల తెలుగులో రాసిస్తాం. సాయంత్రాలు తండాలకు వెళ్లి చదివి వినిపిస్తాం. కంపెనీ తరఫునా కాదు, వ్యతిరేకంగానూ కాదు, పైసా తీసుకోకుండా. తెర మీద టైపు చేయడానికి మనిషి దొరక్కపోతే మాలో ముగ్గురు తెలుగు టీచర్లున్నారు, వస్తారు. ప్రొజెక్టర్ మాత్రం మీరు తెప్పించాలి. షామియానా కింద పగటిపూట తెర కనిపించాలంటే వెనక వైపు నల్లగుడ్డ కట్టించమని డెకరేషన్ వాళ్లకు ముందే చెప్పండి.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వకీళ్లు, భూగర్భ జల నిపుణులు, టీచర్లు